ఖరగ్‌పూరు: కొలువు కట్టిన పట్టణము

వాల్తేరు మీదుగా హౌరాకు పోవు తెలుగు ప్రయాణికునకు ఖరగ్‌పూరు స్టేషనున తెలుగు మాట చెవిని పడుట వింత గాదు. టీ అమ్మువాడు వంగభాషలో కేకవేయును, కూలీ హిందీలో బేరమాడును. వారి నడుమ పెట్టెలు దింపుకొనుచున్న కుటుంబము మాత్రము శ్రీకాకుళపు యాసలో పిల్లలను మందలించుచుండును. ఆ స్టేషను ప్లాట్‌ఫారము పొడవు 1,072 మీటర్లు. ప్రపంచమున కెల్ల పొడవైనదని అది చాలకాలము పేరుపొందినది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి. బడిపిల్లల సామాన్యజ్ఞాన పుస్తకములలో ఖరగ్‌పూరునకు దక్కిన చోటు ఈ పొడవు పుణ్యమే. కాని ప్లాట్‌ఫారము దిగి వెలుపలికి వచ్చినవానికి కనబడు పట్టణము అంతకన్న విచారింపదగిన విషయము.

నేడు ‘స్మార్ట్ సిటీ’ యను మాట ప్రభుత్వపు ఉత్తర్వులలోను పత్రికలలోను విరివిగా వినవచ్చుచున్నది. నీరు, విద్యుత్తు, రాకపోకలు, మురుగు, వైద్యము అను ఏర్పాట్లన్నియు ఒకే పథకమునకు లోబడి, ఒకే లెక్కలో, ఒకదాని సంగతి నొకటి ఎఱిగి నడుచు నగరమని దాని తాత్పర్యము. ఈ విద్యలో జపాను నగరములు మేటియని చెప్పుట వాడుకయైనది. పరికరముల మాట ప్రక్కనుంచి తాత్పర్యమును మాత్రము గ్రహించినచో, అట్టి పట్టణ మొకటి నూటపాతికేండ్ల క్రిందటనే మిడ్నపూరు జిల్లా ఎఱ్ఱనేల మీద వెలసినది. దానిని కట్టించినది రాజు గాదు, పురపాలక సంఘము గాదు. ఒక రైలు కంపెనీ. అంత చక్కగా ఆరంభమైన పట్టణము ఒకే ఊరుగా ఎందులకు ఎదుగలేదో తెలిసికొనుటకు దాని తొలి దినములనుండి చూడవలెను.

బెంగాల్–నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూరు నుండి ఆసన్‌సోల్ వరకు దాని ప్రధాన మార్గము 1891లో పూర్తియైనది. కాని ఆ మార్గము కలకత్తాను నేరుగా చేరలేదు. రాజధానిలో తనదైన ద్వారము కావలెనని కంపెనీ కోరెను. అందుకు మిడ్నపూరు జిల్లా గుండ దారి వేయవలసి వచ్చెను. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన తెఱచుటతో హౌరా అందినది. ఒక దిక్కున నాగపూరు, బొంబాయి. ఒక దిక్కున కటకము, మద్రాసు. ఇంకొక దిక్కున మిడ్నపూరు, బాంకుడా మీదుగా బొగ్గుగనుల సీమ. ఈ దారులన్నియు కలియుచోట నున్నది ఖరగ్‌పూరు అను పల్లె. దానికి తూర్పున రూపనారాయణ వైపు నేల పల్లము, వరదలకు లోనగునది. ఖరగ్‌పూరు నేల మెట్ట; ఎఱ్ఱ మొరము. నీరు నిలువదు, పునాదికి గట్టి. పంటకు పనికిరానిదైనను కర్మాగారమునకు, యార్డులకు, వేల ఇండ్లకు ఇంతకన్న అనువైన చోటు ఆ చుట్టుప్రక్కల లేదు.

తెలుగువారు అచ్చటికి చేరుట కూడ రైలు పటములోనే వ్రాసియున్నది. బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరమున ప్రభుత్వము వేయించిన మార్గము 1893–1896 నడుమ తెఱవబడినది. తరువాత దానిని రెండుగా పంచిరి. వాల్తేరునకు దక్షిణభాగము 1901లో మద్రాసు రైల్వేకు పోయెను. ఉత్తరభాగము, అనగా కటకము వరకు గల 514 కిలోమీటర్లు, 1902లో బెంగాల్–నాగపూరు కంపెనీకి దక్కెను. ఒక కలము పోటుతో విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము, బరంపురము ఖరగ్‌పూరునకు పొరుగూళ్ళైనవి. అప్పటికే పని కొఱకు బర్మాకు, అస్సాముకు ఓడలెక్కుచున్న ఆ జిల్లాల వారికి సముద్రము దాటకయే దొరకు నెలజీతపు కొలువు ఎంతటి ఆకర్షణయో వేఱుగ చెప్పనక్కరలేదు. కమ్మరులు, వడ్రంగులు, ఫిట్టర్లు, బొగ్గువేయు ఫైర్‌మెన్, గ్యాంగ్ కూలీలు, గుమాస్తాలు వరుసగా వచ్చిరి. అన్న తమ్ముని పిలిపించెను, మామ అల్లుని చేర్పించెను. మథురాకాటి వంటి పేటలు తెలుగు పేటలైనవి. గ్రామదేవతల కొలువు వారితోనే రైలెక్కి వచ్చెను. మాతాపూజ నేటికిని ఖరగ్‌పూరు తెలుగువారి పెద్ద పండుగ.

ఆ కాలపు వంగదేశపు ముఫసిలు పట్టణములలో చెఱువు నీటికో బావి నీటికో కుండ పట్టుకొని పోవుట మామూలు. కంపెనీ పట్టణమున అట్లు గాదు. పట్టణమునకు ఉత్తరమున కంసావతి నది కలదు. వంగీయులు దానిని కాసాయి యందురు. ఆ నది నీటిని పంపులతో తోడి, శుభ్రపఱచి, గొట్టములలో కాలనీలకు తెచ్చిరి. ఇంజనులకు నీరు కావలయును గనుక ఈ శ్రద్ధ మొదట ఇంజను కొఱకే కలిగినదనిన తప్పు గాదు. మనుష్యులు ఆ గొట్టము చివర నోరుపట్టిరి. అట్లే కర్మాగారపు విద్యుత్తు వీధిదీపమునకు పాకినది. వీధులు నూలుపట్టి గీచినట్లు తీర్చబడినవి, ప్రక్కల చెట్లు నాటబడినవి, కాలువలు త్రవ్వబడినవి, మలమూత్రములు ఎత్తించుటకు, దోమల నడచుటకు, మశూచి టీకాలు వేయించుటకు కంపెనీ ఉద్యోగులే యుండిరి. ఆసుపత్రి కంపెనీది, బడి కంపెనీది, ఆటస్థలము కంపెనీది, గోల్‌బజారులో అంగడి పెట్టుకొను నేలయు కంపెనీదే. పేటల పేర్లు సైతము కార్యాలయపు ఫైళ్ళనుండి జారిపడినట్లుండును: పాత సెటిల్‌మెంటు, కొత్త సెటిల్‌మెంటు, ట్రాఫిక్. ట్రాఫిక్ అను పేరుగల పేటలో పుట్టి పెరిగితినని చెప్పుకొను భాగ్యము ఎందఱికి కలుగును!

ఏర్పాటు గొప్పదే. కాని ఆ ఏర్పాటునకు కొలమానము మనుష్యుడు గాక పదవి. ఆంగ్లేయాధికారికి తోట నడుమ బంగళా, ఆంగ్లో-ఇండియను గార్డునకు డ్రైవరునకు వరండా గల పక్కా ఇల్లు, భారతీయ గుమాస్తాకు చిన్న క్వార్టరు, కూలీకి వరుసగదులలో ఒకటి. ఇన్‌స్టిట్యూటులును జాతిని బట్టి వేఱు వేఱు. లారా బేర్ అను మానవశాస్త్ర విదుషి 2007లో ప్రకటించిన గ్రంథమున ఖరగ్‌పూరు కాలనీని ప్రత్యేకముగ పరిశీలించి, ఆ వీధుల వరుస ఎట్లు కుటుంబముల గౌరవమునకును వంశముల ఊహకును కొలబద్దయైనదో విశదపఱచినది. ఇంటి గోడ పొడవును బట్టి పెండ్లి సంబంధములు కుదిరిన రోజులవి. స్వాతంత్ర్యానంతరము జాతిభేదము పోయినది. గ్రేడు మాత్రము నిలిచినది. సర్కారు క్వార్టరులో కాపురమున్న పాఠకులకు ఈ సంగతి విస్తరింప పనిలేదు.

అంతకన్న ముఖ్యమైన మెలిక మఱియొకటి కలదు. నీరు, దీపము, మందు, ఇల్లు అన్నియు కొలువు వెంట వచ్చినవి గనుక కొలువు వెంట పోవును. 1927 నాటి సమ్మె ఈ ధర్మమును కార్మికులకు బాగుగ తెలియజెప్పెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో బెంగాల్–నాగపూరు రైల్వే అంతట సమ్మె జరిగినది. కర్మాగారమున వందలమందిని తొలగింప కంపెనీ సంకల్పించుటతో సెప్టెంబరున పోరు మరల రగిలి డిసెంబరు వరకు సాగినది. ఆ సంఘమునకు నాయకులైన వరాహగిరి వేంకటగిరి గారు బరంపురమున పుట్టిన తెలుగువారు. 1969లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించినది వారే. ఖరగ్‌పూరు కార్మికులలో తెలుగువా రధికముగ నుండుట వారి పలుకుబడికి తోడ్పడినది. మూడు నెలలు జీతములేక నిలుచుట కష్టమే. కాని సాధారణపు మిల్లు కూలీ యజమాని నెదిరించినచో పోవునది జీతము మాత్రమే; అద్దెయిల్లు వేఱొకనిది, బావి ఊరిది. ఖరగ్‌పూరున యజమానియే ఇంటివాడు, యజమానియే నీటివాడు, యజమానియే వైద్యుడు. సమ్మె కట్టినవాడు జీతముతోపాటు కుళాయిని కూడ పణముగ నొడ్డవలసి యుండెను. అన్ని తీగలు ఒకే చేతిలో నుండుటలోని సౌకర్యమెంతయో ప్రమాదమును అంతయే.

1944 అక్టోబరు 1న ప్రభుత్వము ఈ రైల్వేను స్వాధీనపఱచుకొనెను. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. కంపెనీ స్థానమున సర్కారు వచ్చినను కాలనీ పాలన మారలేదు. ఉత్తర్వుపై మొహరు మారినది. ఇంతలో పట్టణము పెరుగుచుండెను. సమీపమున హిజ్లీలో 1930లో ఏర్పఱచిన నిర్బంధ శిబిరమున 1931 సెప్టెంబరు 16న పోలీసుల కాల్పులకు సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలియైరి. ఆ శిబిరభవనముననే 1951లో దేశమున మొదటి ఐ. ఐ. టి. వెలసినది. దానికిని తనదైన ఆవరణ, తనదైన నీరు, తనదైన ఆసుపత్రి. కంపెనీ నేర్పిన పాఠమునే విద్యాసంస్థయు వల్లించినదనవలెను.

కాలనీ గోడకు వెలుపల మఱియొక ఖరగ్‌పూరు పెరిగినది. క్వార్టరు దొరకనివాడు, రైల్వేలో పని లేక రైల్వేవానికి ఉప్పుపప్పు లమ్మి బ్రతుకువాడు, పదవీ విరమణ చేసి ఇల్లు ఖాళీచేసినవాడు ఖరిడా, ఇందా, మలంచ, ఝపేటాపూరు మొదలైన పేటలలో ఇండ్లు కట్టుకొనిరి. వీరికొఱకు 1954లో ఖరగ్‌పూరు పురపాలక సంఘము ఏర్పడినది. అయితే ఊరి నడిబొడ్డున నున్న రైల్వే భూమి దాని పాలనలోనికి రాలేదు. జనాభా లెక్కల వారును వీనిని రెండూళ్ళుగానే ఎన్నిరి. 2001 లెక్కలలో ఖరగ్‌పూరు పురపాలకము ఒక పట్టణము, ఖరగ్‌పూరు రైల్వే సెటిల్‌మెంటు ఇంకొక పట్టణము. రెండవదానిలోనే ఎనుబదెనిమిది వేలకు పైబడిన జనము. వీధి కడ్డముగ గీచిన గీతకు ఈ ప్రక్క దీపము రైల్వేది, ఆ ప్రక్క చీకటి పురపాలకులది అని పరిహాస మాడుటకు వీలైన స్థితి.

ఈ విభజనకు మూలము ఎవరి దుర్బుద్ధియు గాదు, చట్టము. 1890 నాటి రైల్వే చట్టమే ప్రభుత్వ ప్రకటన లేనిదే స్థానిక సంస్థలు రైల్వేపై పన్ను వేయరాదని కట్టడి చేసినది. రాజ్యాంగపు 285వ అధికరణము కేంద్రప్రభుత్వపు ఆస్తిని రాష్ట్రపు పన్నులనుండియు, రాష్ట్రమునందలి స్థానిక సంస్థల పన్నులనుండియు తప్పించినది. పార్లమెంటు వేఱు విధముగ శాసించిననే అది మారును. కేంద్రప్రభుత్వము పన్నునకు బదులు సేవారుసుము చెల్లించుట అనుశ్రుతముగ వచ్చినదే. 2009లో రాజకోట నగరపాలక సంస్థ వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనికొక క్రమమును ఆమోదించినది: సేవలన్నియు పొందినచో ఆస్తిపన్నులో 75 శాతము, కొన్ని పొందినచో 50 శాతము, ఏవియు పొందనిచో మూడవవంతు. ఒక మహానగరమున పదిపాళ్ళలో ఒక పాలు భూమి కేంద్రముదైనచో ఇది చిల్లర లెక్క. ఊరి గుండెకాయయే కేంద్రముదైన ఖరగ్‌పూరున ఇది పురపాలకుల ఆదాయమునకు ఆయువుపట్టు. పన్ను రానిచోట పని చేయుటకు పురపాలకునకు ఉత్సాహముండదు. ఉత్సాహమున్నను ఆ నేలపై గునపము దింపుటకు రైల్వే అనుమతి కావలయును. రైల్వే అధికారి దృష్టిలో పట్టాల ప్రక్క వెలసిన గుడిసె ఆక్రమణ. దానికి కుళాయి ఇచ్చినచో ఆక్రమణకు అంగీకారమిచ్చినట్లగును. ఇద్దఱి వాదమును న్యాయమే. గుడిసెలో నున్నవానికి మాత్రము నీరు లేదు.

ఖరగ్‌పూరునకు ఇంచుమించు ఈడైన పట్టణ మొకటి జపానున కలదు. దక్షిణమున క్యూషూ ద్వీపపు ఉత్తరపు కొనను యహాతా అను పల్లె యుండెను. చైనాతో యుద్ధమున దొరకిన పరిహారధనములో కొంత వెచ్చించి జపాను ప్రభుత్వము అచ్చట ఉక్కు కర్మాగారమును నిర్మించి, 1901లో కొలిమి వెలిగించినది. ఖరగ్‌పూరునకు కంసావతి యెట్లో యహాతాకు ఓంగా నది అట్లు. ఆ నది నీటిని కర్మాగారమునకు పంపుటకు 1910లో కట్టిన పంపుశాల నేడు ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. కార్మికుల ఇండ్లు, ఆసుపత్రి కర్మాగారమువే. ఒక తమాషా గమనింపదగినది. ఖరగ్‌పూరు కంపెనీ చేతిలో పుట్టి సర్కారు చేతికి వచ్చినది. యహాతా సర్కారు చేతిలో పుట్టి, 1934లో ప్రైవేటు ఉక్కు సంస్థలతో కలిసి కంపెనీ చేతికి పోయినది. కాబట్టి యజమాని సర్కారా కంపెనీయా అను ప్రశ్నతో ఈ రెండూళ్ళ భేదము తేలదు.

భేదము 1963లో వచ్చినది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో యహాతా, తోబాతా, కోకురా, వాకామాత్సు, మోజి అను అయిదు నగరములు తమ వేఱుపాలనలు విడిచి కితాక్యూషూ అను ఒకే నగరమైనవి. రేవున్న ఊరు, ఉక్కున్న ఊరు, బొగ్గు ఎగుమతి ఊరు, కోటయున్న ఊరు, అన్నియు ఒకే పాలకమండలి క్రిందికి వచ్చినవి. అది సుఖమైన కాలము గాదు. నడుమనున్న దోకాయి అఖాతము కర్మాగారముల మురికిచే ‘మృతసముద్ర’ మని పేరు తెచ్చుకొనినది. ఆకసము పొగతో రంగులు మారుచుండెను. ఈ స్థితిపై మొదట గొంతెత్తినవారు తోబాతా స్త్రీలు. ఆరవేసిన బట్టలపై మసి ఎంత పడుచున్నదో తామే లెక్కకట్టి, విశ్వవిద్యాలయ పండితుల సాయమున పరిశీలనలు జరిపి, 1965లో ‘మాకు నీలాకాశము కావలెను’ అను అర్థము గల పేరుతో చలనచిత్రమును తయారుచేసిరి. వారి భర్తలు ఆ కర్మాగారములలోనే కొలువులు చేయుచుండిరనునది మఱువరాదు. వారు తమ మొఱ కర్మాగారపు గేటువద్దనే చెప్పుకొనవలసిన అవసరము లేకపోయెను. నగరపాలన యను మఱియొక గుమ్మముండెను. ఆ పాలనకు కర్మాగారముతో ఒడంబడిక చేసికొను అధికారమును, దానిని నిలబెట్టుకొను బలమును ఉండెను. అఖాతము తేటపడినది. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము ఆ నగరమును సన్మానించినది.

తరువాతనే ‘స్మార్ట్’ యుగము. 2010లో జపాను ప్రభుత్వము యొకోహామా, టొయోటా నగరము, కేహన్నా విజ్ఞానపురము, కితాక్యూషూలను విద్యుత్ప్రయోగములకు ఎంచుకొనినది. కితాక్యూషూలో ఎంచిన చోటు హిగాషిదా. ఉక్కు కర్మాగారపు పాతనేల. విద్యుత్తు కర్మాగారపు సహజవాయు కేంద్రమునుండియే వచ్చునది. వేసవిలో గిరాకి మిక్కుటమగునని తోచిన దినములకు ముందునాడే ధర పెంచి ఇంటింటికి తెలియజేసిరి. యూనిటునకు 15 యెన్‌లుండు ధరను ఆ మధ్యాహ్నపు గంటలలో 50 మొదలు 150 యెన్‌ల వరకు హెచ్చించిరి. 2012 వేసవిలో ఆ గంటలలో ఇండ్ల వాడకము ఇంచుమించు ఐదవవంతు తగ్గినది. మీటరు తెలివిగలదే, కాని ఆ మీటరును ఇంటిలో పెట్టనిచ్చిన సంసారిణికి నగరముపై నున్న నమ్మకము మీటరుకన్న అర్ధశతాబ్ది పెద్దది. జపానును పొగడువారు సామాన్యముగ మీటరును చూచి వచ్చెదరు.

అట్లని జపానునకు అన్నియు సాధ్యమైనవని కాదు. కితాక్యూషూ జనసంఖ్య 2005 నాటికి పదిలక్షలకు దిగువకు జారినది, జారుచునే యున్నది. ఉక్కుపని తగ్గినప్పుడు యువకులు వెడలిపోయిరి. చవకధర తెలుపు మీటరు వారిని నిలుపలేదు. ఇటీవల ఒక మోటారుకార్ల సంస్థ ఫూజీ పర్వతపు దిగువను, సుసోనోలో తన పాత కర్మాగారపు నేలపై ‘వోవెన్ సిటీ’ యను నూతన పురమును కట్టి, 2025 సెప్టెంబరున తొలి కాపురములు పెట్టించినది. ఆ తొలి కాపురస్థులు తమ సంస్థల ఉద్యోగులు, వారి కుటుంబములు. యంత్రములు క్రొత్తవి, పద్ధతి మాత్రము 1900 నాటి ఖరగ్‌పూరు వారికి చిరపరిచితమే.

ఇండ్ల విషయమున మాత్రము జపాను రైలు కంపెనీలు తొలినాళ్ళలోనే వేఱుదారి తొక్కినవి. ఒసాకా ప్రాంతమున కొబయాషి ఇచిజో నడిపిన విద్యుద్రైలు కంపెనీ 1910లో ఇకెదా వద్ద తన మార్గము ప్రక్కన ఇండ్లు కట్టి, మధ్యతరగతి వారికి నెలవారీ వాయిదాలపై అమ్మినది. పదియేండ్లు వాయిదా కట్టినవానికి ఇల్లు సొంతమైనది, ఊరు సొంతమైనది. కంపెనీకి ప్రయాణికుడు మిగిలెను. ఖరగ్‌పూరున ముప్పదియైదేండ్లు అద్దె కోతపడిన జీతము తీసికొనినవానికి చివరిదినమున పూలమాల, గడియారము, కొన్ని నెలల గడువుతో ఇల్లు ఖాళీచేయు నోటీసు మిగిలెను. రెండు కంపెనీల ఉద్దేశములు వేఱు. ఒకరికి ప్రయాణికులు కావలసిరి, ఒకరికి పనివారు. అయినను ఊరిపై మమకారము దేనివలన పుట్టునో ఈ పోలికలో కనబడుచున్నది.

రైల్వే తన పనిలో వెనుకబడినదని ఎవరును అనజాలరు. 2017 నవంబరున ఖరగ్‌పూరు యార్డున ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పద్ధతి నెలకొల్పిరి. 800 మార్గములను ఒకే కేంద్రమునుండి, ఒకదానితో నొకటి ఢీకొనకుండ, ఏ బండి ఎచ్చట నున్నదో ఎఱుగుచు నడిపింపగల యంత్రాంగమది. అంతకు ముందున్నదానికి ఇంచుమించు రెట్టింపు. బండ్ల విషయమున ఖరగ్‌పూరు నిజముగనే ‘స్మార్ట్’ పట్టణము. ఆ యార్డు దాటి పది నిమిషములు నడచినచో, వాననీటి కాలువ రైల్వే హద్దువఱకు వచ్చి ఆగినచో ఆ నీరు ఎవరిదియను ప్రశ్నకు జవాబుచెప్పు యంత్రము లేదు.

2015 జూను 25న కేంద్రప్రభుత్వము స్మార్ట్ సిటీల పథకమును, అమృత్ పథకమును ఆరంభించినది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరువది నగరములలో విశాఖపట్టణము, కాకినాడ ఉన్నవి. ఖరగ్‌పూరు స్మార్ట్ పట్టికలో లేదు. నీరు, మురుగు పనులకై అమృత్ పట్టికలో చేరినది. పశ్చిమబెంగాలు ప్రభుత్వము స్మార్ట్ పథకమునుండియే తప్పుకొనినది. 2010 నాటి పురపాలక ఎన్నికలనుండి రైల్వే ప్రాంతము కూడ వార్డులుగా విభజింపబడి పురపాలకములో చేరినది. ఓటు వచ్చినది, నేల రాలేదు. రైల్వే పేటలనుండి ఎన్నికైన సభ్యుడు తన వార్డులో వీధి వేయింపవలెనన్నను రైల్వే ఇంజనీరుకు వ్రాయవలసినదే. కితాక్యూషూలో అయిదూళ్ళ పాలన ఒకటైనప్పుడు ఓటును, పన్నును, పనిచేయు అధికారమును ఒకేచోట చేరినవి. ఖరగ్‌పూరున మొదటిది మాత్రము గోడ దాటినది. మిడ్నపూరు–ఖరగ్‌పూరు అభివృద్ధి సంస్థ యని మూడవది కలదు గాని, మూడవవాడు వచ్చినంత మాత్రమున ఇద్దఱి తగవు తీరుట ప్రభుత్వ వ్యవహారములలో అరుదు.

ఈ లోపల తెలుగువారి స్థితియు మారినది. వాల్తేరు డివిజను ఆగ్నేయ రైల్వేలో నున్నన్నాళ్ళు ఖరగ్‌పూరునకు విశాఖకు బదిలీలు సాగుచుండెను; మేనరికములవలె ఉద్యోగములును అటునిటు నడచినవి. 2003 ఏప్రిలున ఆ డివిజను తూర్పుతీర రైల్వేకు మారుటతో ఆ త్రాడు తెగినది. ఆవిరియంత్రములు పోయి కర్మాగారపు పనులలో చేతికూలి తగ్గినది. తండ్రి పని కొడుకునకు దొరకుట గతకాలపు మాటయైనది. నాలుగవ తరపు తెలుగు బాలుడు వంగభాషలో చదివి, హిందీలో ఆడుకొని, తెలుగును ఇంట మాత్రము పలుకుచున్నాడు. అతని తాత శ్రీకాకుళపు పల్లెలో పొలముపై హక్కును అన్నదమ్ములకు విడిచి వచ్చెను; ఖరగ్‌పూరున క్వార్టరు తప్ప వేఱు ఇల్లెఱుగడు. అక్కడ మిగలలేదు, ఇక్కడ కలుగలేదు. పదవీ విరమణ నాటికి చేతికి వచ్చిన సొమ్ముతో గోడ వెలుపల చిన్న స్థలము కొనగలిగినవారు అదృష్టవంతులు. కొనలేనివారిలో కొందఱు తాము ముప్పదేండ్లు కాపాడిన పట్టాల ప్రక్కనే ఆక్రమణదారులైరి.

2005 నాటి చట్టసవరణ ననుసరించి 2006లో రైలు భూముల అభివృద్ధి సంస్థ ఏర్పడినది. ఖాళీభూములను వ్యాపారమున కిచ్చుట, పాత కాలనీలను పడగొట్టి క్రొత్తవి కట్టించుట దాని విధులు. దేశమున నలువైపుల అట్టి కాలనీలు దాని చేతిలోనికి వచ్చుచున్నవి. ఖరగ్‌పూరు వంటి చోట నేల విలువ కట్టుట సులభము. ఆ నేలపై నూరేండ్లుగా నిలిచిన మాతాపూజ పందిటి చోటు, తెలుగు బడి ముంగిలి, విరమణ పొందినవాని గుడిసె ఎవరి లెక్కలో చేరునన్నది పథకము గీచుటకు ముందే తేల్చుకొనవలసిన విషయము. పటము గీచినపిదప గొంతెత్తుట ఎంత కష్టమో తోబాతా స్త్రీల నడిగినను చెప్పుదురు.

2020 డిసెంబరున పశ్చిమబెంగాలు ప్రభుత్వము తెలుగును రాష్ట్రపు అధికారభాషలలో నొకటిగ గుర్తించుటకు నిశ్చయించినది. ఖరగ్‌పూరు తెలుగువారి చిరకాలపు కోరిక అది. ఇకమీదట నీటికుళాయికై తెలుగులోనే దరఖాస్తు వ్రాసికొనవచ్చును. అది ఏ కార్యాలయమున ఇయ్యవలెనన్నది మాత్రము, ఇల్లు రైల్వే హద్దురాతికి ఏ ప్రక్కనున్నదో చూచి తెలిసికొనవలసినదే.